ఏరంటే నీళ్లు... లోనంటే ఇల్లు

ఖమ్మం పేరులో మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి. భద్రాచలం పేరులోనూ అంతే. ఈ రెండు ఊళ్ల మధ్య ఉన్న అడవికి మాత్రం ఒత్తి పలకడం అలవాటు లేదు. ఒక్కసారి బస్సెక్కి వినండి. కండక్టరు నోట కూడా అది 'బద్రాచలం' అనే వస్తుంది. ద్రావిడ భాషల సొంత మాటల్లో మహాప్రాణాలు లేవు. ఖ, ఘ, ఛ, భ లాంటివన్నీ సంస్కృతంతో పాటు వచ్చినవే. తెలుగువాళ్లు వాటిని బడిలో నేర్చుకుని, బయటికి రాగానే మరిచిపోతుంటారు. దుమ్ముగూడెం, చర్ల అడవుల్లో పుట్టిన కోయ పిల్లకు అవి పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడవు. తను పెరిగే జిల్లా పేరు మొదటి అక్షరం తన నోటికి కొత్త!

ఖమ్మం నుంచి భద్రాచలం 120 కిలోమీటర్ల దారి. వైరా, తల్లాడ దాటేదాకా మిరప చేలు, పత్తి చేలు. జూలూరుపాడు దగ్గరికొచ్చేసరికి గాలి మారుతుంది. కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు, పాల్వంచలో కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు, సారపాకలో కాగితం మిల్లు. (రైల్లో వచ్చేవారికి ఒక మాట. 'భద్రాచలం రోడ్' స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడి గుడికి అక్కణ్నుంచి మరో 40 కిలోమీటర్లు ఉంది. కొత్తవాళ్లు ఇప్పటికీ అక్కడ దిగి గోదావరి ఏదని అడుగుతుంటారు.) 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన మీద నది దాటితే గుడి గోపురం కనిపిస్తుంది. చాలామంది ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. లేదంటే పర్ణశాల దాకా వెళ్లి సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులు చూసి వెనక్కి తిరుగుతారు.

పర్ణశాల దాటి చర్ల వైపు, లేదా కూనవరం మీదుగా చింతూరు వైపు వెళ్తే అసలు అడవి మొదలవుతుంది. రోడ్డు పక్కన పెంకుటిళ్లు, వెదురు దడులు, ఇంటి ముందు పందిరి. పందిరి పక్కనే ఒక గదో, రెండు గదులో ఉన్న గిరిజన ప్రాథమిక పాఠశాల. గోడ మీద రంగుల్లో అ–అమ్మ, ఆ–ఆవు, ఇ–ఇల్లు.

బొమ్మ చెప్పేది ఒకటి... పిల్ల అనేది ఒకటి

గోడ మీద 'ఇ' పక్కన ఇల్లు బొమ్మ ఎందుకు వేస్తారు? పిల్లకు అక్షరం తెలియదు, బొమ్మ తెలుసు. బొమ్మ చూడగానే 'ఇల్లు' అంటుంది. ఆ మాటలో మొదట వచ్చిన చప్పుడే పక్కనున్న గీతకు పేరని పంతులుగారు చెబుతారు. చప్పుడుకూ గీతకూ ముడి పడుతుంది. తెలుగు పిల్లలు తరతరాలుగా ఇలాగే చదువుకున్నారు. ఇంగ్లిషులో అక్షరం పేరు ఒకటి, పలుకు మరొకటి. మనకు ఆ బాధ లేదు. 'ఇ' పేరూ ఇ, పలుకూ ఇ.

కానీ ఆ బొమ్మనే కోయ పిల్లకు చూపించండి. తను అనేది 'లోను'. కోయలో ఇంటిని అలాగే అంటారు. తెలుగులో 'లోపల' అనే అర్థంలో మిగిలిన మాటే అది. బొమ్మ చూస్తే నోట్లో వచ్చింది 'లో'. గోడ మీద గీత మాత్రం 'ఇ' అంటోంది. పిల్ల తప్పు చెప్పలేదు. కానీ ముడి పడలేదు. ఇక మిగిలింది ఒకటే దారి. బొమ్మను వదిలేసి, గీతనూ చప్పుడునూ బట్టీ పట్టడం.

చేయి బొమ్మ చూపిస్తే 'కై' అన్నట్టుగా వినిపిస్తుంది. నవ్వుకోవాల్సిన పని లేదు. కైదండ, కైమోడ్పు అని తెలుగు కావ్యాల్లోనూ ఉన్నదే. మూల ద్రావిడంలోని 'క' తెలుగులో కొన్ని అచ్చుల ముందు 'చ'గా మారింది. గోండీ, కోయలు దాన్ని అలాగే ఉంచుకున్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తిలాంటి భాషావేత్తలు తెలుగు, గోండీ, కోయ, కువి, కొండ భాషలన్నింటినీ దక్షిణ మధ్య ద్రావిడం అనే ఒకే ఇంటి పిల్లలుగా లెక్కగట్టారు. కోయ తెలుగుకు పరాయిది కాదు, పెదనాన్న కూతురు వరస. చిక్కంతా అక్కడే వచ్చింది. దగ్గరి చుట్టం కాబట్టి ఎలాగో అర్థమైపోతుందిలే అని బడి అనుకుంటుంది.

'ఏరు' సంగతి చూడండి. తెలుగులో ఏరంటే వాగు. కోయలో ఏరంటే నీళ్లు. తాగే నీళ్లూ, కుండలో నీళ్లూ అన్నీ ఏరే. 'ఏ' అక్షరానికి వాచకంలో ఏనుగు ఉంటుంది. ఈ అడవిలో పిల్లలు ఏనుగును చూసేది పుస్తకంలోనే. నీళ్లు మాత్రం రోజూ తాగుతారు. ఏనుగును తీసి కుండ పెడితే ఆ పిల్లకు ఆ పూటే 'ఏ' వచ్చేస్తుంది. పువ్వును 'పుంగార్' అనే తీరులో అంటారు. పువ్వుకూ పుంగారుకూ మొదట ఉన్నది 'పు'. రెండు భాషలకూ ఒకటే బొమ్మ పనికొస్తుంది. ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది అన్నది ఒకసారి తెలిస్తే సగం పాఠం అయినట్టే. తెలియాల్సింది పంతులుగారికి.

అడవి దగ్గరో వర్ణమాల

ఈ అడవిలో మాటలు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. కాలాన్ని బట్టి వస్తాయి, పోతాయి. వాటి వెంట వెళితే అక్షరాలూ వస్తాయి. కాకపోతే అ ఆ ఇ ఈ అన్న వరస ఉండదు.

బడి తెరిచేది జూన్ 12న. అప్పటికి మృగశిర కార్తె వచ్చి ఉంటుంది. ఈత చెట్లకు పళ్లు మిగిలి ఉంటాయి. అది 'ఈ'. మరో పది రోజులకు ఆరుద్ర కార్తె. తొలకరికి తడిసిన నేల మీద ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా పురుగులు పాకుతాయి. ఆరుద్ర పురుగులు! అరచేతిలో పెట్టుకుంటే ముడుచుకుంటాయి, కాసేపటికి మళ్లీ నడుస్తాయి. ఏ ఊరి పిల్లయినా దాన్ని చూసి నోరు తెరిచి 'ఆ' అనే అంటుంది. అంతకంటే మంచి పాఠం ఏ వాచకం రాయగలదు? 'అ' కంటే 'ఆ' ముందొచ్చిందని ఎవరైనా గొడవ పెడితే పెట్టుకోనీయండి.

విత్తనాల రోజులూ ఇవే. కోయలు విత్తే ముందు విజ్జ పండుం చేస్తారు. విజ్జ అంటే విత్తనం, పండుం అంటే పండుగ. విత్తనాలను ఊరి దేవర ముందు పెట్టి, మొక్కి, అప్పుడు చేనుకు తీసుకెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి రేల పాటలు పాడుతూ, వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు అడుగుతారు. భద్రాచలం యాత్రికుల్లో విసుక్కునేవాళ్లుంటారు. ఆ పది రూపాయలకు వినిపించే పాట గురించి వాళ్లకు ఎవరూ చెప్పరు పాపం. బడిలో మాత్రం ఆ వారమంతా 'వి'. విజ్జ అన్నా వి, విత్తనం అన్నా వి. చేటలో జొన్నలు, కందులు, వడ్లు కలిపి పోసి, ఏరి వేరు చేయమంటే ఆరేళ్ల పిల్లలు క్షణాల్లో చేసేస్తారు. అదే చేటలో చింతపిక్కలు పోసి 'వి' ఆకారంలో పేర్చమంటే గుడి కట్టడం దానంతటదే వస్తుంది.

వాన ముదిరాక వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు. ఏది తినేది, ఏది విషం అన్నది ఇక్కడి పిల్లలకు బడి ఈడుకే తెలుస్తుంది. పట్నం పంతులుగారు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన పాఠమిది. ఇదే కాలంలో గోదావరి పొంగుతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో మళ్లీ 71 దాటింది. ముంపు ఊళ్లవాళ్లకు తలదాచుకునే చోటు బడే. అంటే వర్షాకాలంలో అక్షరాలకు కొన్నాళ్లు సెలవు. ఆ రోజుల్లో పెద్దవాళ్ల నోట పదే పదే వినబడే 43, 48, 53 మాత్రం పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చేస్తాయి.

కొత్త పంట ఏదైనా సరే, కొత్తల పండుగ చేసి దేవరకు పెట్టందే నోట పెట్టరు. చిక్కుడుకాయకు ఒక కొత్త, ధాన్యానికి ఒక కొత్త. కళ్ల ముందు కాయ వేలాడుతున్నా పెద్దలు చెప్పేదాకా పిల్లలు తెంపరు. కార్తీకంలో ఉసిరి చేతికొస్తుంది. అది 'ఉ'. వరి కోతల్లో 'ఒ' దొరుకుతుంది. పుస్తకంలో వడ్లు అని ఉన్నా ఈ జిల్లా అంతా వాటిని ఒడ్లు అనే అంటుంది. పుస్తకంలో 'ఓ'కు ఓడ ఉంటుంది గానీ, గోదావరిలో తిరిగేవి నాటు పడవలూ పాపికొండల లాంచీలూ.

ఆకుల పాఠం ఇంకా బాగుంటుంది. తలా నాలుగు రకాల ఆకులు తెమ్మంటే చాలు, పావుగంటలో గది నిండిపోతుంది. విస్తర్లు కుట్టే అడ్డాకు, మోదుగు, తునికి, టేకు. కుప్పలు పోయించి పేరు మొదటి చప్పుడు అడగాలి. ఇందులో గట్టి పాఠం తునికికీ టేకుకూ మధ్య ఉంది. 'తు' అన్నప్పుడు నాలుక పళ్లను తాకుతుంది, 'టే' అన్నప్పుడు పైకి మడతపడుతుంది. త, ట తేడా పలక మీద వంద సార్లు దిద్దినా కొందరికి రాదు. టేకు చిగురును అరచేతిలో నలిపితే రక్తంలా ఎర్రబడుతుంది. ఎర్రటి అరచేతిని పైకెత్తి 'టే' అని అరిచిన పిల్లవాడు ఆ అక్షరాన్ని ఇక మరిచిపోడు.

మోదుగు పూలు విచ్చాయంటే చలి పోయినట్టు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర. ఆ వారం అడవి ఊళ్లలో బడి నడవడం కష్టం. ఎత్తు బెల్లం మోసుకుని ఊళ్లకు ఊళ్లే కదులుతాయి.

ఆ తర్వాత ఇప్ప. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పూలు రాలతాయి. మీగడ రంగులో గుండ్రంగా, కండగా, తేనె వాసనతో ఉంటాయి. చీకటితోనే తల్లుల వెంట పిల్లలూ బుట్టలు పట్టుకుని వెళ్తారు. ఆలస్యమైతే ఎండకు వాడిపోతాయి, లేదా ఎలుగుబంటి తినిపోతుంది. ఇప్పపూలంటే ఎలుగుకు ప్రాణం. ఒకే చెట్టు కింద 'ఇ'కి ఇప్ప, 'ఎ'కి ఎలుగు! పూలను నేల మీద పేరిస్తే సున్నా అవుతుంది, మధ్యలో ఇంకో పువ్వు పెడితే 'ఠ' అవుతుంది. తెలుగు అక్షరాలన్నీ గుండ్రంగా ఉండటం ఇక్కడ కలిసొచ్చింది.

ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. బీడీలకు వాడే ఈ ఆకు కోత గూడేలకు ఏడాదిలో చేతినిండా డబ్బు కనబడే కొద్ది రోజులు. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక బస్తా. పొద్దున కోసుకొచ్చిన ఆకును ఇంటి ముందు పోసుకుని ఇంటిల్లిపాదీ కట్టలు కడతారు. సాయంత్రానికి కల్లానికి చేరుస్తారు. ఆరేడేళ్ల పిల్లలు సైతం యాభై లెక్క తప్పరు. తప్పితే కల్లంలో కట్ట వెనక్కొస్తుంది. ఆ పిల్లే జూన్‌లో బడికొస్తే ఒకటి నుంచి పది దాకా అంకెలు నేర్పిస్తారు!

చూశారుగా. అడవి మాటలన్నీ విరగబూసే నెలల్లో బడికి వేసవి సెలవులు. మార్చిలో ఇప్ప కోసం పిల్లలు రాకపోతే హాజరు పట్టీలో సున్నాలు పడతాయి. 'ఇ' నేర్పడానికి ఏడాదిలో అంతకంటే మంచి నెల ఇంకోటి లేదు.

పై వరసలో చాలావరకు తెలుగు పేర్లే. గూడెంలో కొన్ని అవే, కొన్ని మారతాయి. గోదావరి, శబరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల పలుకు ఒకటి, గుట్టల మీది కోయల పలుకు మరొకటి. పేరు మారితే అక్షరమూ మారాలి. ఒక గూడెంలో కుదిరిన అక్షరాల వరస, వాగు దాటితే కుదరకపోవచ్చు. ఋ, ఖ, భ లాంటి వాటికి ఏ కాలంలోనూ ఏ చెట్టూ దొరకదు. ఋషి కావాలంటే పర్ణశాల దాకా వెళ్లాలి. వాటిని చివరికి ఉంచితే కొంప మునిగేదేమీ లేదు.

సవర బడి నుంచి కోయ వాచకం దాకా

అడవి పిల్లకు అడవి మాటతోనే అక్షరం నేర్పాలన్నది కొత్త ఆలోచన కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, సవరల కోసం తెలుగు లిపిలో పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలుంటాయి. సవర బడుల మాట ఎక్కడో ఒకరు తప్ప ఎత్తరు. నిజాం కాలంలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించి, గోండీ వాచకాలు తయారు చేయించారు. లిపి మాత్రం నాగరి. ఈయనే పాపికొండల కొండరెడ్లతో గడిపి వాళ్ల మీద పుస్తకం రాశారు. అంతకు ముందే దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ 1876 నుంచి 'ఇండియన్ యాంటిక్వరీ'లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించీ, వాళ్ల మాట గురించీ రాశారు. 1969లో స్టీఫెన్ టైలర్ అనే అమెరికన్ గొమ్ము కోయ వ్యాకరణం అచ్చు వేశారు. అంటే కోయ మాట మీద పండితుల పుస్తకాలు చాలా ముందే వచ్చాయి. కోయ పిల్లలు చదివే పుస్తకం రావడానికి ఇంకా టైం పట్టింది.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చింది 1956లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య పేరుతో గట్టి ప్రయత్నం జరిగింది 2004 ప్రాంతంలో. కోయ, గోండీ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా... మొత్తం ఎనిమిది భాషలు, 240 బడులతో మొదలు. కోయకు ఖమ్మం జిల్లాను ఎంచుకున్నారు. ఆ భాష తెలిసిన టీచర్లు, ఊరి పెద్దలు కలిసి కూర్చుని కథలు, పాటలు, పొడుపు కథలు పోగేశారు. వాటిలోంచి పాఠాలు అల్లారు. లిపి తెలుగే. మొదటి రెండు మూడు తరగతుల్లో సొంత మాట, దాని పక్కనే మెల్లగా తెలుగు, తర్వాత పూర్తిగా తెలుగు. ఒకే లిపి కావడంతో పిల్ల మాట మార్చుకోవాలే తప్ప అక్షరం మార్చుకోనక్కర్లేదు. అన్నింటికంటే తెలివైన పని అదే.

ఇలాంటిదే న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లల బడిలో సిల్వియా ఆష్టన్ వార్నర్ అనే టీచరు చేసింది. పిల్ల పొద్దున్నే ఏ మాట పట్టుకొస్తే ఆ మాటే ఆ రోజు ఆ పిల్ల చదువు. 1963లో వచ్చిన ఆమె 'టీచర్' పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. కోయ గూడెంలో పిల్ల పొద్దున్నే బుట్టలో పట్టుకొచ్చేది ఇప్పపూలు. తేడా అంతే.

ఒకే మాట... మూడు లిపులు

చింతూరు నుంచి శబరి ఒడ్డునే పైకి వెళ్తే కుంట. అది ఛత్తీస్‌గఢ్. ఆ పక్కనే శబరి, సీలేరు కలిసేచోట మోటు. అది ఒడిశా. మూడు వైపులా కోయవాళ్లే, పెళ్లిళ్లు కూడా అటూ ఇటూ జరుగుతాయి. 'ఏరు' అన్న మాటను చింతూరు పిల్ల తెలుగు అక్షరాల్లో రాస్తే, మోటు పిల్ల ఒడియాలో, కుంట పిల్ల దేవనాగరిలో రాస్తుంది. మేనత్త కూతురు రాసిన ఉత్తరం మేనమామ కూతురు చదవలేదు.

2014లో ఇంకో గీత పడింది. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్లింది. 1959 దాకా ఈ డివిజన్ తూర్పు గోదావరిలో ఉండేది కాబట్టి పెద్దవాళ్లకు ఈ మార్పులు కొత్త కాదు. 2016లో ఖమ్మం నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. ఒకప్పుడు ఒకే కోయ వాచకం కోసం ఒకే చోట కూర్చున్న ఊళ్లకు ఇప్పుడు రెండు విద్యాశాఖలు, రెండు పాఠ్యపుస్తకాలు.

ఎవరు నేర్పాలి?

వాచకం ఉంటే సరిపోదు. 'లోను' అని పిల్ల అన్నప్పుడు అది తప్పు కాదని తెలిసిన మనిషి గదిలో ఉండాలి. 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలకు మాత్రం ఢోకా లేకుండా చూసింది. ఆ తీర్పు మీద ఏజెన్సీలో బందులు, ధర్నాలు జరిగాయి. ఉద్యోగాల గొడవలో మాట సంగతి వెనక్కి పోయింది. నిజానికి స్థానిక గిరిజనుడైనంత మాత్రాన కోయ వచ్చి ఉండాలని లేదు. ఈ అడవిలో లంబాడీలు, కొండరెడ్లు, నాయకపోడులూ ఉన్నారు. మైదానానికి దగ్గరి కోయలు తెలుగులోకి మారిపోయి చాలాకాలమైంది. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కోయ తెగవారు దాదాపు 5 లక్షల 90 వేలు. కోయ మాతృభాష అని రాయించుకున్నవారు దేశమంతా కలిపినా 4 లక్షల పైచిలుకు!

తల్లిదండ్రుల మాటా వినాలి. కోయ మాట ఇంట్లో ఎలాగూ వస్తుంది, దాని కోసం బడికి పంపడం ఎందుకని చాలామంది అడుగుతారు. భద్రాచలం ఆసుపత్రిలో, బ్యాంకులో, ఫారెస్టు చెక్‌పోస్టులో నోరు పెగలక నిలబడ్డవాళ్ల ప్రశ్న అది. కొట్టిపారేయడానికి లేదు. తెలుగు రావాల్సిందే. అయితే లోను మీద నుంచి ఇంటికి దారి వేస్తే తెలుగు త్వరగా వస్తుంది, లోనును చెరిపేస్తే రెండూ రావు. ఈ సంగతి తల్లిదండ్రులకు ఎవరూ కూర్చుని చెప్పడం లేదు. ఈలోగా 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లిషు. కోయకు మూడో పేజీ లేదు. 'ఏ' ఫర్ యాపిల్ అంటారు. యాపిల్ కనబడేది భద్రాచలం బస్టాండులో బండి మీద.

మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య అనే డోలి కళాకారుడుండేవారు. చదువుకోలేదు. కోయల వీరుల కథలు, వంశాల కథలు డోలు కొడుతూ రాత్రంతా పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో పోయారు. ఆయన గొంతులో ఉన్నదంతా బడి పిల్లలకు వాచకంగా అందేలోపే మనిషి వెళ్లిపోయారు.

రికార్డుల్లో లేని గూడేలు

చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఇంకా లోపలికి వెళ్తే గొత్తికోయల గుడిసెలు కనిపిస్తాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణభయంతో గోదావరి వైపు వచ్చేసినవాళ్లు చాలామంది. సల్వాజుడుం పేరుతో గిరిజనులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. వచ్చినవాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. అటవీ భూమిలో గుడిసెలు, తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేదు. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలకు ఖమ్మం వైపు కూలికి వెళ్తారు. పిల్లలూ వెంటే. మిరప చేలో నీడకు కట్టిన పాత చీర కింద చెల్లెల్ని ఆడించేది ఆరేళ్ల అక్క. ఈ పిల్లలకు బడి పక్కింటి తెలుగు కూడా వినబడదు. వినబడేది చెట్టు, పిట్ట, అమ్మ మాట. దగ్గర్లోని అంగన్‌వాడీకి వెళ్లాలన్నా వాగులు దాటాలి. కొన్నిచోట్ల స్వచ్ఛంద సంస్థలు తడికెల గదుల్లో బడులు నడుపుతున్నాయి. అక్కడ టీచరుగా నిలబడేది పదో తరగతో, ఇంటరో చదివిన కోయ కుర్రాళ్లు. శిక్షణ తక్కువే. మాట వచ్చు.

ఆ తడికెల గదిలో గోడ ఉండదు, గోడ మీద ఇల్లు బొమ్మా ఉండదు. కుర్రాడు నేల మీద పుల్లతో గుండ్రంగా గీసి, కుండ చూపించి ఇదేంటని అడుగుతాడు. ఏరు అంటారు పిల్లలు. గీత పక్కన 'ఏ' రాస్తాడు. వాగు దాకా నడిపించి, పారే నీళ్లు చూపించి, తెలుగోళ్లు దీన్నే ఏరంటారని చెబుతాడు. ఒడ్డున తడి ఇసుకలో పిల్లలు తలా ఒక 'ఏ' రాస్తారు. కొందరివి తిరగబడతాయి. అవి వానలు ముదరని రోజులు. ఇంకో నెల ఆగితే వాగు పొంగుతుంది, కుర్రాడు అవతలి ఒడ్డునే ఉండిపోతాడు.